డబ్బాలో దొరికే శక్తి

శక్తి కావాలంటే మన పెద్దవాళ్ళు ఏం చేయమనేవారో మీకు చెప్పనక్కరలేదు. నువ్వులుండ చేతిలో పెట్టేవారు, చోడిజావ తాగించేవారు, దీపం ఆర్పి పడుకోమనేవారు. ఇప్పుడు శక్తి బస్టాండులో కిళ్ళీకొట్టు ఫ్రిజ్జులో వరసగా నిలబడి ఉంటోంది. ఒక డబ్బా మీద ఢీకొట్టుకునే ఎద్దులు, ఒక సీసా మీద మెరుపు, ఇంకో దాని మీద పులి గోళ్ళతో గీరినట్టు గీతలు. ఇరవై రూపాయలకు దొరికేవీ ఉన్నాయి, వందకు పైబడినవీ ఉన్నాయి. వీటికి ఎనర్జీ డ్రింకులని పేరు. మన కాలేజీ పిల్లలకు ఈ పేరు కొత్త కాదు. కొత్తయితే అది మనకే.

వీటి గురించి నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. "మంచివా, చెడ్డవా? ఒక్క మాటలో చెప్పండి" అని అడిగేవారే ఎక్కువ. ఒక్క మాటలో చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉందును. తెనాలి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు వాయిదా వేయడానికి మనసొప్పలేదు.

ఆమె తమ్ముడికి 23 ఏళ్ళు. గ్రూప్స్ పరీక్షలకు చదవడానికి హైదరాబాదు వెళ్ళి, అశోక్‌నగర్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. పగలు చిక్కడపల్లి గ్రంథాలయంలో, రాత్రి గదిలో చదువు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు సంచీలో మాసిన బట్టల మధ్య మూడు ఖాళీ డబ్బాలు కనిపించాయట. అడిగితే, "రాత్రికి మూడు పడితేగాని నిద్ర ఆగదక్కా, మా గదిలో అందరూ తాగుతారు" అన్నాడు. భోగినాడు మేడమెట్లు ఎక్కి, పైన చతికిలబడి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక దెబ్బ తప్పిపోయి, ఆ తరవాతది బాది నట్టు కొట్టుకుంది" అన్నాడట. అమ్మకు చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాడు. "అక్కయ్యగారూ, అమ్మకు చెప్పాలా? వాడిచేత మానిపించాలా? లేకపోతే నేనే ఊరికే కంగారు పడుతున్నానా?" అని ఆమె అడుగుతున్నారు.

కంగారు పడవలసిన విషయమే. అయితే ఎంత పడాలో తెలుసుకుని పడితే, ఆ కంగారు తమ్ముడికి పనికొస్తుంది. నేను డాక్టర్ని కాను. కాని డాక్టర్లు వ్రాసినవి తీరికగా చదివి, అర్థమయిన మేరకు మీకు చెప్పడం ఈ శీర్షికలో నాకు అలవాటయిన పనే కదా.

ముందు ఆ డబ్బాలో ఏముందో చూద్దాం. ముఖ్యమయినది కెఫీన్. మన కాఫీలో ఉండేదే. 1819లో జర్మనీలో రుంగె అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడి తెలివి చూసి ముచ్చటపడి, మహాకవి గోథే ఆయన చేతిలో కాసిని కాఫీగింజలు పెట్టి, ఇందులో ఏముందో చూడమన్నాడట. అలా చూడగా తేలినదే ఈ కెఫీన్. కవులు అడిగే కోరికలు అప్పుడప్పుడు ఇలా లోకానికి ఉపకరిస్తూ ఉంటాయి.

రెండోది టారిన్. ఈ పేరు విని, ఇది ఎద్దు నుంచి తీస్తారనీ ఇంకా ఏవేవో అనీ పిల్లలు చెప్పుకుంటూ ఉంటారు. 1827లో మొట్టమొదట దాన్ని ఎద్దు పైత్యరసంలో కనుక్కున్న మాట నిజమే. వృషభరాశిని ఇంగ్లీషులో టారస్ అంటారే, ఆ మాటనుంచే ఈ పేరు వచ్చింది. కాని ఇప్పుడు డబ్బాల్లో పోసేది ఫ్యాక్టరీలో తయారయినది. మన శరీరం కూడా కొంత టారిన్‌ను తనంతట తాను తయారుచేసుకుంటుంది. కనుక శాకాహారులు ఆ విషయంలో బెంగపెట్టుకోనక్కరలేదు. బెంగపెట్టుకోవలసినవి వేరే ఉన్నాయి.

మూడోది పంచదార. ఎక్కువ పేరున్న ఒక రకంలో 250 మిల్లీలీటర్లకు 27 గ్రాములు ఉంటుంది. అంటే అయిదారు చెంచాలు. మీ ఇంట్లో ఎవరైనా గ్లాసెడు కాఫీలో ఆరు చెంచాల పంచదార వేసుకుంటే మీరు ఊరుకుంటారా? చల్లగా, పుల్లగా ఉండేసరికి నాలుకకు ఆ తీపి లెక్క తెలియదు.

ఈ పానీయాల కథ కూడా కొంచెం చెప్పాలి. 1970ల్లో థాయిలాండులో చాలియో యూవిధ్య అనే వ్యాపారి క్రాటింగ్ డేంగ్ అనే పానీయం అమ్మేవాడు. క్రాటింగ్ డేంగ్ అంటే ఎర్ర అడవిదున్న. రాత్రంతా లారీ నడిపేవాళ్ళూ, బరువులు మోసే కూలీలూ దాన్ని తాగేవారు. ఆస్ట్రియానుంచి టూత్‌పేస్టు కంపెనీ పనిమీద వెళ్ళిన మాటెషిట్జ్ అనే ఆయన రుచి చూసి, ప్రయాణపు బడలిక తీరిందని సంతోషించి, అతనితో కలిసి కంపెనీ పెట్టాడు. 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ అనే పేరుతో అమ్మకం మొదలయింది. చూశారా, ఇది పుట్టింది నిద్రపోవడానికి వీలులేని మనిషి కోసం. ఆ మనిషికి బలం ఇవ్వడానికి కాదు, నిద్ర రాకుండా ఆపడానికి.

నిద్రను ఎలా ఆపుతుందంటారా? మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ వస్తుంది. అది తనకోసం వేసిన పీటమీద కూర్చోగానే మనకు కళ్ళు మూతలు పడతాయి. కెఫీన్ చేసే పనల్లా, ముందుగా వచ్చి ఆ పీటలు ఆక్రమించడమే. అడినోసిన్ ఎక్కడికీ పోదు. వాకిట్లో నిలబడి ఉంటుంది. కెఫీన్ లేచి వెళ్ళగానే అదంతా ఒక్కసారి లోపలికి వస్తుంది. తాగినదాంట్లో సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. కనుక రాత్రి పదింటికి తాగినదాంట్లో సగం తెల్లవారుజామున మూడింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆ తరవాత పడుకున్నా అది సరైన నిద్ర కాదు. చదివినది బుర్రలో కుదురుకునేదేమో నిద్రలోనే! తెనాలి తమ్ముడికి ఈ ముక్క చెప్పండి. గుండె సంగతి చెబితే నవ్వేసే కుర్రవాళ్ళు మార్కుల సంగతి చెబితే వింటారు.

ఇక గుండె సంగతికి వస్తాను. 2015లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు ఏ జబ్బూ లేని 25 మంది యువతీ యువకులకు ఒకరోజు ఎనర్జీ డ్రింకు డబ్బా ఒకటి ఇచ్చారు. 480 మిల్లీలీటర్లు, 240 మిల్లీగ్రాముల కెఫీన్. మరోరోజు అదే రుచి, అదే రంగు, కెఫీన్ మాత్రం లేని నకిలీ పానీయం ఇచ్చారు. ఏ రోజు ఏది తాగారో వాళ్ళకు తెలియదు. అరగంట తరవాత చూస్తే, అసలు డబ్బా తాగిననాడు పై రక్తపోటు 6.2 శాతం, నకిలీది తాగిననాడు 3.1 శాతం పెరిగింది. నార్ ఎడ్రినలిన్ అనే రసం అసలుదానికి 74 శాతం, నకిలీదానికి 31 శాతం పెరిగింది. ఎద్దు తరుముకొస్తే మన రక్తంలో ఊరే రసమిది. పరుగెత్తవలసి వచ్చినప్పుడు ఊరితే ప్రాణం కాపాడుతుంది. కుర్చీలో కూర్చుని రాజ్యాంగం చదువుకునేవాడికి రాత్రికి మూడుసార్లు ఊరితే, ఆ పరుగంతా గుండె ఒక్కటే పరుగెత్తాలి.

అంతకంటె సూక్ష్మమయిన సంగతి ఒకటుంది. రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి పోటు వేయడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఒకరి రోకలి పైకి లేచాకనే రెండోవారిది దిగాలి. ఆ ఎడం తప్పితే రోకళ్ళు ఒకదానికొకటి తగులుతాయి. గుండెలోనూ ఒక దెబ్బ పడ్డాక లోపలి విద్యుత్తు సర్దుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ఈసీజీ కాగితం మీద డాక్టర్లు దీన్ని క్యూటీ అనే రెండక్షరాల మధ్య కొలుస్తారు. సుమారుగా సెకనులో వెయ్యో వంతులు నాలుగు వందలు. ఈ వ్యవధి మరీ సాగిపోతే, సర్దుకోకముందే తరవాతి దెబ్బ వచ్చి పడి, లయ చెదిరే ప్రమాదం ఉంది.

2019లో కాలిఫోర్నియాలో 18 నుంచి 40 ఏళ్ళలోపు ఆరోగ్యవంతులు 34 మందికి గంటలోపల లీటరుకు కాస్త తక్కువగా ఎనర్జీ డ్రింకు తాగించి చూశారు. నాలుగు గంటల తరవాత ఆ వ్యవధి నకిలీ పానీయం తాగిననాటి కంటె ఒక రకంతో 6, ఇంకో రకంతో దాదాపు 8 వెయ్యో వంతులు ఎక్కువగా ఉంది. రక్తపోటు కూడా నాలుగయిదు పాయింట్లు పెరిగింది. ఇంత స్వల్పానికి ఆరోగ్యంగా ఉన్నవాడు కుప్పకూలడు. ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కాని పుట్టుకతోనే ఆ వ్యవధి సాగి ఉన్నవాళ్ళు కొందరుంటారు. సుమారు రెండువేల మందిలో ఒకరు. వాళ్ళు చూడడానికి మనలాగే ఉంటారు, ఆటలాడతారు. చాలామందికి ఆ సంగతి తమకే తెలియదు. అలాంటివాళ్ళకు ఆ కొసరు కూడా బరువే.

ఇక్కడ మీరు నన్ను నిలదీస్తారు. "మీరు పొద్దున్నే రెండు గ్లాసుల ఫిల్టరుకాఫీ తాగరా?" అని. తాగుతాను. చిక్కటి డికాక్షను కాఫీలో ఒక చిన్న డబ్బాకు సమానమయిన కెఫీన్ ఉన్నా ఉండవచ్చు. మీ అబ్బాయి ఈ వాదన తప్పకుండా తెస్తాడు, సిద్ధంగా ఉండండి. దీనికి నా జవాబు రెండు విధాలు. కాఫీ వేడిగా ఉంటుంది, పొగలు ఊదుకుంటూ, పేపరు చదువుకుంటూ గుక్క గుక్కగా తాగుతాం. రాత్రి పదకొండింటికి వరసగా మూడు గ్లాసులు ఎవరూ తాగరు. చల్లటి తీపి నీళ్ళయితే దాహానికి తాగినట్టు గటగటా తాగేస్తారు. రెండో జవాబు 2017లో అమెరికాలో జరిగిన ఒక పరీక్ష. అందులో 18 మందికి ఒకరోజు ఎనర్జీ డ్రింకూ, మరోరోజు సరిగ్గా అంతే కెఫీన్, 320 మిల్లీగ్రాములు, విడిగా కలిపిన పానీయమూ ఇచ్చారు. ఇందాక చెప్పిన వ్యవధి రెండు గంటల తరవాత ఎనర్జీ డ్రింకుతో 10 వెయ్యో వంతులు ఎక్కువగా ఉంది. ఆరు గంటలకు కూడా రక్తపోటు దిగిరాలేదు. ఉత్త కెఫీన్‌తో దిగివచ్చింది. కనుక కెఫీన్‌తో పాటు కలిపిన మిగతా సరుకులకూ ఇందులో చెయ్యి ఉందన్నమాట.

2021లో ఇంగ్లండు వైద్యులు ఒక విద్యార్థి సంగతి తమ పత్రికలో ప్రకటించారు. వయస్సు 21. రోజుకు 500 మిల్లీలీటర్ల డబ్బాలు నాలుగు చొప్పున రెండేళ్ళు తాగాడు. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, చదువుమీద మనసు నిలిచేది కాదు. చివరికి నాలుగు నెలలపాటు ఆయాసం పెరిగి, బరువు తగ్గి, ఆసుపత్రిలో చేరాడు. గుండె పంపు చేసే శక్తి బాగా పడిపోయింది. మూత్రపిండాలు కూడా చెడ్డాయిగాని, వాటికి పాత కారణం వేరే ఉందని తేలింది. గుండె మార్పిడిదాకా ఆలోచించారు. 58 రోజులు ఆసుపత్రిలో ఉంచి మందులిస్తే గుండె కోలుకుంది. అదృష్టవంతుడు. 2017లో అమెరికాలో సౌత్ కరోలినాలో 16 ఏళ్ళ బాలుడికి ఆ అదృష్టం లేదు. రెండు గంటల వ్యవధిలో ఒక కాఫీ, ఒక పెద్ద గ్లాసు కూల్‌డ్రింకు, ఒక ఎనర్జీ డ్రింకు తాగి తరగతి గదిలో పడిపోయాడు. అతని గుండెలో పూర్వం ఏ లోపమూ లేదని, కెఫీన్ వల్లనే లయ తప్పిందని అక్కడి అధికారి ప్రకటించాడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఎక్కువ కాదు. మూడూ కలిసి, అంత తొందరగా కడుపులో పడడమే ఎక్కువయింది.

ఇలాంటివి అరుదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ పరిస్థితుల్లో జరుగుతాయో గమనించమని చెబుతున్నాను. మోతాదు, తొందర, నిద్రలేమి, ఖాళీ కడుపు, వీటితోపాటు లోపల దాగి ఉన్న లోపం. పరీక్షల ముందు గదుల్లో ఉండే పిల్లలకు మొదటి నాలుగూ ఎలాగూ ఉంటాయి. ఇంకొకటి, ఇంట్లో చెప్పుకోవడానికి మొగమాటపడే విషయమయినా చెప్పక తప్పదు. వీటిని మద్యంలో కలుపుకుని తాగే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కెఫీన్ మైకాన్ని తగ్గించదు, మైకం ఎక్కిందన్న సంగతి తెలియకుండా చేస్తుంది, అంతే. ఆ మోసం వల్ల ఇంకా తాగుతారు. ఇలా రెండూ కలిపి అమ్మే కంపెనీలు నాలుగింటిని అమెరికా ప్రభుత్వం 2010లో హెచ్చరించింది.

మన దేశంలో కూడా చట్టం లేకపోలేదు. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకూ కెఫీన్ ఉన్న పానీయాలకు 2016లో ఆహార భద్రతా సంస్థ నియమాలు పెట్టింది. రోజుకు 500 మిల్లీలీటర్లు మించి తాగరాదనీ, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివారికి తగదనీ డబ్బామీద వ్రాయాలి. వ్రాస్తున్నారు. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో వ్రాస్తున్నారు. ఎద్దుల బొమ్మ మాత్రం వీధి అవతలినుంచి కూడా కనిపిస్తుంది! లిథువేనియా 2014లోనే పద్ధెనిమిది ఏళ్ళలోపు పిల్లలకు వీటిని అమ్మకూడదన్నది. పోలండు 2024 జనవరి 1 నుంచి అదే పద్ధతి పెట్టింది. మన కిళ్ళీకొట్టు వాడేమో ఏడో తరగతి పిల్లవాడికి కూడా మూత తీసి మరీ ఇస్తున్నాడు.

ఇప్పుడు తెనాలి సోదరికి. మీ తమ్ముడు రాత్రికి తాగే మూడు డబ్బాలు చిన్నవే అనుకున్నా, 750 మిల్లీలీటర్లు. చట్టం గీసిన గీత దాటినట్టే. కెఫీన్ ఇంచుమించు 225 మిల్లీగ్రాములు, దానిమీద మెస్సులో కాఫీ, టీలు. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 400, ఒక్కసారికి 200 మించకూడదని ఐరోపా శాస్త్రజ్ఞులు 2015లో చెప్పారు. పంచదార 80 గ్రాములు దాటుతుంది. గుండె తప్పి కొట్టుకోవడం చాలామందికి అప్పుడప్పుడు జరిగేదే, అంతమాత్రాన జబ్బని చెప్పలేం. కాని "గ్యాసులే" అని వదిలేయడానికి మాత్రం వీల్లేదు. మీరే ఫోను చేసి, ఈ వారంలో ఈసీజీ తీయించుకుని ఆ కాగితం ఫోటో పంపమనండి. తిట్టవద్దు, తిడితే డబ్బాలు మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. వారం దాటినా కదలకపోతే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి అమ్మగారికి చెప్పేయండి. డబ్బాలు ఒక్కసారి మానితే తలనొప్పి, చిరాకు, మగతతో వారం రోజులు బాధపడతాడు, "చూశావా, అది లేకపోతే నేను చదవలేను" అంటాడు. అందుకని మూడు రెండుగా, రెండు ఒకటిగా, రెండు మూడు రోజుల ఎడంతో తగ్గించమనండి. ఆ ఒకటి కూడా మధ్యాహ్నం దాటాక వద్దు. రాత్రి కళ్ళు మూతపడితే అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోమనండి. ఆయాసంతో కూడిన దడ, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఏది వచ్చినా గదిలో స్నేహితులు తెల్లవారేదాకా చూడకుండా 108కి ఫోను చేయాలని వాళ్ళకు కూడా చెప్పి ఉంచండి.

విజయనగరం నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఇంకొకటి ఉంది. ఆమె అడిగినది వేరే, ముఖంమీది మచ్చల గురించి. చివర రెండు వాక్యాలు కలిపారు: 19 ఏళ్ళ అమ్మాయి కాలేజీలో పరుగుపందెంలో ఒకసారి స్పృహ తప్పిందట; ఇప్పుడు జిమ్ములో చేరింది, అక్కడ అందరూ ఎనర్జీ డ్రింకు తాగుతున్నారు, తాగనివ్వవచ్చా అని. ఇంకా పైన ఎక్కడో, అమ్మాయి మేనమామ ముప్ఫయ్యో ఏట నిద్రలోనే పోయారని వ్రాశారు. అమ్మా, మచ్చల సంగతి వచ్చే వారం చెబుతాను. పరుగులో స్పృహ తప్పడం, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా ఒకరు పోవడం, ఈ రెండూ ఒక్క ఇంట్లో ఉన్నప్పుడు అమ్మాయికి ఒక్క డబ్బా కూడా ఇవ్వవద్దు. పుట్టుకతో గుండెలోపం ఉండి, గుండె ఆగి బతికి బయటపడ్డ 144 మందిని మేయో క్లినిక్‌లో 2024లో విచారిస్తే, 7గురు అంతకుముందే ఎనర్జీ డ్రింకు తాగి ఉన్నారు. దానివల్లనే ఆగిందని ఆ వైద్యులు అనలేదు. ఇలాంటి లోపం ఉన్నవాళ్ళు దాని జోలికి పోకుండా ఉండడం మేలన్నారు. మీ అమ్మాయికి లోపం ఉందనీ నేను అనడం లేదు. గుండె డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళి, ఈసీజీ తీయించి, మేనమామగారి సంగతి మీ నోటితో మీరే చెప్పండి. వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు. జిమ్ము మానిపించనక్కరలేదు, డాక్టరుగారు చూసేదాకా ఓ పది రోజులు ఆపితే చాలు. వెళ్ళేటప్పుడు ఆ డబ్బా ఖాళీది ఒకటి సంచీలో వేసుకువెళ్ళండి. ఆ చిన్న అక్షరాలు వారు చదువుకుంటారు.